ఆ పటం అసలుది కాదు, నకలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం జిల్లా పేజీలో ఒక జమీందారు గారి నిలువెత్తు పటం ఫొటో వేసి, కింద 'వందేళ్ల నాటి అరుదైన తైలవర్ణ చిత్రం' అని రాశారు. ఆ పటం వేసింది నేను. అసలు పటానికి చెద పట్టి, గోడ చెమ్మకు రంగు పెచ్చులు లేచిపోయాక ఆ ఇంటివాళ్లు నన్ను పిలిపించారు. అప్పటికి ముఖం, కుడి చెయ్యి, తలపాగా మీది తురాయి మాత్రమే పోల్చుకోగలిగేలా ఉన్నాయి. తర్వాత ఆ కాన్వాస్ పూర్తిగా పోయింది. నా నకలును పాత టేకు ఫ్రేములోనే బిగించారు కాబట్టి చూసినవాళ్లు పాతదే అనుకోవడం సహజం.

పేరు కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. కాళ్లకున్న జరీ జోళ్లు, వెనక ఎర్ర తెర, బల్ల మీది పుస్తకం నేను ఊహించి వేసినవి. రేపు ఎవరైనా ఆనాటి దుస్తుల మీద పరిశోధన చేస్తూ ఆ జోళ్లను సాక్ష్యంగా తీసుకుంటే ఎలా? నా టెన్షనంతా అదే.

నకలంటే నాకు చులకన లేదు, నా బతుకుతెరువే అది. ఇంగ్లండులో రాజనీతిజ్ఞుడు, రచయిత సర్ థామస్ మోర్ కుటుంబాన్ని జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1527 ప్రాంతంలో పెద్ద పటంగా వేశాడు. అది 1752లో, నేటి చెక్ దేశంలోని క్రొమ్యెరీష్ కోటలో కాలిపోయింది. తర్వాతి కాలపు ఇంగ్లిష్ చిత్రకారుడు రోలండ్ లాకీ వేసిన నకలు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో నాస్టెల్ అనే పాత భవనంలో ఉంది. హోల్బైన్ ముందుగా గీసుకున్న చిత్తు బొమ్మ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియంలో ఉంది. అందులో మోర్ భార్య మోకాళ్ల మీద ఉంటే, ఆమెను కూర్చోబెట్టాలని పక్కన రాసి ఉంది. లాకీ నకలులో ఆమె కూర్చునే ఉంది! పోయిన పటం ఎలా ఉండేదో ఆ నకలు వల్ల చాలావరకు తెలుస్తోంది. అదే లాకీ 1593లో వేసిన మరో పటంలో కొందరిని తీసేసి మోర్ మనవడి కుటుంబాన్ని చేర్చాడు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న ఆ పటాన్ని హోల్బైన్ పటానికి మక్కీకి మక్కీ అనుకుంటే చరిత్రే తారుమారవుతుంది.

నన్నూ తురాయిలో ఇంకొన్ని రాళ్లు పెట్టమని అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు వేశాను, లేనిచోట ఊహించాను. ఏది ఊహో, ఏ సంవత్సరం వేశానో కాన్వాస్ వెనక రాసి సంతకం చేశాను. ఫ్రేము వెనక అట్ట కొట్టేయడంతో అది ఎవరికీ కనపడదు.

దయచేసి ఒక చిన్న సవరణ వేయండి. పాడైన పటానికి అప్పట్లో తీసిన ఫొటో ఆ ఇంట్లోనే ఉంది. వాళ్లు ఇస్తే పక్కపక్కన అచ్చు వేయండి.

– ఒక పోర్ట్రెయిట్ ఆర్టిస్టు, కాకినాడ