ఆ నల్ల తెర హ్యాంగ్ కాదు మామా

ఒంగోలు,
ఆదివారం

మామా,

నీ మెసేజ్ చూశా. ఫోన్లో చెబితే సగం చెవిన పడి సగం పోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మీ బాబాయి మిల్లు ఆఫీసు అటక మీద నుంచి దించిన ఆ 486 కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో. పాత సామాన్ల వాడికి తూకానికి వేయకుండా కావలి నుంచి ఇంటికి మోసుకొచ్చావు చూడు, అది మంచి పని.

ఇక అసలు సంగతి. విండోస్ 95లో షట్‌డౌన్ కొట్టాక నల్ల తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చి ఆగిపోతోంది, హ్యాంగ్ అయిందేమోనని రీసెట్ కొడుతున్నా అన్నావు. అది హ్యాంగ్ కాదురా. ‘ఇక ఆపేసుకోవచ్చు’ అని అది చెప్పే మాటే అది. ఇప్పటి కంప్యూటర్లలో బటన్ నొక్కితే లోపలి మదర్‌బోర్డుకి కబురు మాత్రమే వెళ్తుంది, కరెంటు తీసేది బోర్డే. ఆ పద్ధతి 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే బోర్డు డిజైన్‌తో మొదలైంది. నీదాంట్లో ఉన్నది అంతకు ముందు నాటి ఏటీ రకం. ముందున్న ఆ లావు బటన్ నిజంగా మన గోడ స్విచ్ లాంటిదే, 230 వోల్టులు నేరుగా దాని వెనక్కే వస్తాయి. అందుకే విండోస్ తన పని ముగించి, ఆ బొమ్మ చూపించి, నీ చేతి కోసం ఆగుతుంది. అప్పుడు బటన్ నొక్కెయ్, అంతే. డబ్బా విప్పేటప్పుడు మాత్రం ప్లగ్ పీకకుండా ఆ బటన్ వెనక వేలు పెట్టొద్దు, దణ్ణం పెడతా.

ఆ బొమ్మ కూడా విండోస్ ఫోల్డర్‌లో లోగోస్ డాట్ సిస్ అనే పేరుతో ఉన్న మామూలు బిట్‌మ్యాప్. అప్పట్లో జనం పెయింట్‌లో తెరిచి తమ పేర్లు రాసుకునేవాళ్లు.

అది రాకముందే ఆపితే ఏమవుతుందని అడిగావు. విండోస్ నువ్వు రాసిందంతా వెంటనే డిస్క్ మీద పెట్టదు, కొంత మెమరీలో దాచుకుని తర్వాత రాస్తుంది. మధ్యలో కరెంటు తీస్తే ఫైలు సగం, దాని చిరునామా సగం మిగులుతాయి. తర్వాత డిస్క్‌లో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్ నడిపితే ఆ ముక్కల్ని ఏరి చివర సీహెచ్‌కే అని ఉండే ఫైళ్లుగా పడేస్తుంది. వాటిలోంచి మనకు పనికొచ్చేది దొరకడం కష్టం. మీ బాబాయి లెక్కలన్నీ ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాంలో ఉన్నాయన్నావు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త. ఆ లెక్కలుండే డీబీఎఫ్ ఫైలు మొదట్లో ఎన్ని రికార్డులున్నాయో ఒక లెక్క ఉంటుంది. ఫైలు సరిగ్గా మూయకుండా ఆపితే ఆ లెక్క తప్పి, మళ్లీ తెరిచినప్పుడు మొరాయిస్తుంది. ముందు ఫాక్స్‌ప్రోలో క్విట్ కొట్టి బయటికి రా, ఆ తర్వాతే షట్‌డౌన్.

నిజంగా బిగుసుకుపోయిందనుకో, తొందరపడకు. ముందు హార్డ్ డిస్క్ లైటు చూడు. మినుకుమంటుంటే అది ఇంకా ఏదో చేస్తోందని, వదిలెయ్. లైటు ఆరిపోయి మౌస్ కూడా కదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ ఒక్కసారి నొక్కు, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా వస్తుంది, స్పందించనిదాన్ని ఎంచి ఎండ్ టాస్క్ కొట్టు. రెండోసారి నొక్కితే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. ఈ మూడు కీల ఉపాయం ఐబీఎంలో డేవిడ్ బ్రాడ్లీది, 1981లో వచ్చిన మొదటి పీసీ తయారు చేస్తున్నప్పుడు తమ ఇంజనీర్ల కోసం పెట్టాడు. మొదట ఎస్కేప్ కీతో పెట్టి, ఎడమ చేయి పొరపాటున తగిలినా రీస్టార్ట్ అవుతుందని డిలీట్‌కి మార్చాడు. విండోస్‌కి ముందు నుంచీ ఉన్న డాస్‌లో ఇలా నొక్కితే మెమరీలో ఒకచోట 1234 అని గుర్తు పెట్టుకుంటుంది, మెషీన్‌ని లేపే బయోస్ అనే ప్రోగ్రాం అది చూసి మెమరీ పరీక్ష మానేసి త్వరగా లేస్తుంది. కీలు పని చేయకపోతే అప్పుడు రీసెట్. డిస్క్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పవర్ బటన్ కంటే అదే నయం. పవర్ బటన్ ఆఖరున. ఆపాక ఒక అర నిమిషం ఆగి, డిస్క్ చప్పుడు పూర్తిగా తగ్గాకే మళ్లీ వెయ్.

డాస్‌కి షట్‌డౌన్ అంటూ లేదు. ప్రోగ్రాం మూసి, తర్వాతి ఆదేశం కోసం ఆగే సీ ప్రాంప్ట్ వచ్చి, లైటు ఆరాక బటన్ నొక్కడమే. రాతని మెమరీలో దాచి తర్వాత డిస్క్ మీద పెట్టే స్మార్ట్‌డ్రైవ్ పెట్టుకునుంటే మాత్రం, డాస్ 6.0లో ప్రాంప్ట్ వచ్చేసినా వెనక రాత మిగిలి ఉండొచ్చు. ఆ పేరు ఇంగ్లీషులో చివరి ఐ, ఈ లేకుండా కొట్టి స్లాష్ సీ పెడితే ఉన్నదంతా రాసేస్తుంది. 6.2లో దాన్ని సరిచేశారు. ఆపే ముందు డిస్క్ మీద చదివే హెడ్లని పక్కకి జరిపే పార్కింగ్ ప్రోగ్రాం వెతుకుతున్నా అన్నావు, అది ఇరవై ఎంబీల కాలం నాటి స్టెప్పర్ మోటార్ డిస్కులకి కావాలి. నీది తర్వాతి తరం ఐడీఈ రకం డిస్క్, కరెంటు పోగానే హెడ్లని తనే పక్కకి తీసుకుంటుంది.

కరెంటు విషయం ఇంకా ముఖ్యం. ఏటీ బటన్ నొక్కితే లోపలే ఉండిపోతుంది. కరెంటు పోయి వస్తే మెషీన్ తనంతట తనే లేస్తుంది. వానాకాలం మన వైపు కరెంటు పోవడం, వచ్చి మళ్లీ టక్కున పోవడం నీకు తెలియంది కాదు, వచ్చిన ప్రతిసారీ డిస్క్ లేచి పడుతుంది. కరెంటు పోగానే ఆ బటన్ బయటికి వదిలెయ్. వీలైతే చిన్న యూపీఎస్ పెట్టు.

ఇంకొకటి, వెంటనే చేయాల్సింది. ప్లగ్ పీకి మూత తీసి బోర్డు మీద కీబోర్డ్ సాకెట్ దగ్గర చూడు. నీలం రంగు పీపాలా 3.6 వోల్టుల బ్యాటరీ ఉందంటే అది నికెల్ కాడ్మియం. కారి రాగి గీతల్ని తినేస్తుంది, పైగా మీ ఇల్లు సముద్రం గాలి తగిలే చోట. పక్కన పచ్చగా పొడి కనిపిస్తే ఇక ఆన్ చేయకు. కనిపించకపోతే ఒక్కసారి వేసి, డిలీట్ నొక్కి బయోస్ సెటప్‌లోకి వెళ్లి, హార్డ్ డిస్క్ సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో కాగితం మీద రాసుకో, బ్యాటరీ తీస్తే అవన్నీ పోతాయి. దాని చోట కాయిన్ సెల్ నేరుగా అతికించొద్దు. బోర్డు దానికి చార్జింగ్ పంపుతుంది, లిథియం సెల్‌కి అది ప్రమాదం, మధ్యలో కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ వేయాలి. ఫొటో పంపు, వచ్చే ఆదివారం సోల్డరింగ్ ఐరన్ తీసుకుని పొద్దున ప్యాసింజర్‌కి వస్తా.

బాబాయిని అడిగానని చెప్పు.

నీ
మామ