ఆ రెండు స్ట్రిప్పుల సంగతి

మూసాపేట,
గురువారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయనందుకు ఎంత తిట్టుకున్నావో తెలుసు. తిట్టుకో, తప్పు నాదే. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి అరపేజీలో కరెంటు పోయింది. రెండోసారి రాసింది చదువుకుంటే అంతా ఏడుపే, చించేశాను. ఇప్పుడు టైం రెండున్నర, షాపు ఐదింటికి. నీకు చెప్పాల్సింది ఒకటి గొంతులో అడ్డం పడి ఉంది. అది చెబితే గానీ నాకు అన్నం సహించదు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. నాన్న మోకాలు అలాగే ఉంది. చెల్లి రెండో ఏడు పాసైంది. రూమ్ మారలేదు. మనం కాలేజీలో 'మూడో బీకరు' అని పిలిచేవాడికి కొడుకు పుట్టాడట. ఫోటో చూశాను, ఆ నుదురు చూడగానే నాకు ల్యాబ్ రికార్డు గుర్తొచ్చింది. నీకూ వస్తుంది చూడు.

ఇక అసలు విషయం.

సెప్టెంబరులో సాయంత్రాలు మెడికల్ షాపులో చేరానని చెబితే నువ్వేమన్నావో గుర్తుందా? "మందుల క్వాలిటీ పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో నాలుగేళ్ళు హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద పనిచేసినోడివి, కౌంటర్‌లో నిలబడి బిళ్ళలు అమ్ముతావా? రెజ్యూమే పాడైపోద్ది" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు నా మంచికే అన్నావు, అది నాకు తెలుసు. కానీ జూన్‌లో ఉద్యోగం పోయాక నేను ఎలా ఉన్నానో నీకు ఫోన్‌లో పూర్తిగా చెప్పలేదు. పదకొండింటికి లేచేవాణ్ణి. స్నానం ఎప్పుడు చేస్తే అప్పుడే. రోజుకు పది అప్లికేషన్లు పంపి ఫోన్ కేసి చూస్తూ కూర్చోవడం. ఆగస్టులో ఫోన్ రీచార్జ్‌కి నాన్నని డబ్బులడిగాను. ఆయన ఒక్క మాట అనకుండా పంపాడు. ఆ అనకపోవడమే నన్ను తినేసింది.

షాపులో నెలకు 9,000. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది. పగలు ఒక అక్క చూసుకుంటుంది, ఐదు తర్వాత రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఒకరు ఉండాలి కాబట్టి నన్ను తీసుకున్నారు. మొదటి జీతంలో 3,000 ఇంటికి పంపాను. పెద్ద మొత్తం కాదు. కానీ నాన్న ఫోన్ చేసి "అందాయిరా" అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందంటే... సరే, అది వదిలెయ్, అది రాయడం మొదలుపెడితే అసలు సంగతికి రాలేను.

మొన్న శనివారం. తొమ్మిది నలభై అయింది. ఓనరన్న గల్లా లెక్క చూసుకుంటున్నాడు, నేను హెచ్1 రిజిస్టర్‌లో ఆఖరి ఎంట్రీ రాస్తున్నా. (నీకు గుర్తుందా, హెచ్1 మందులకు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మి లెక్క రాయాల్సిన వాటికి, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చామో అన్నీ రాసి మూడేళ్ళు దాచాలని? మనం దాన్ని పరీక్షకి బట్టీ పట్టాం. ఇక్కడ రోజూ రాస్తున్నా.) అప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. "కళ్ళు తిరగకుండా ఏదన్నా బిళ్ళ ఇయ్యి బిడ్డా, పొద్దున లేవంగనే పడబోయిన" అంది.

చీటీ లేదు. ఏదో ఒక స్ట్రిప్ కోసి ఇచ్చేస్తే ఇరవై రూపాయల బేరం, రెండు నిమిషాల్లో షట్టర్ దించేసేవాళ్ళం. కానీ మామా, ఆ కవరు మీదకి నా కళ్ళు పోయాయి. "ఇవి రోజూ వేసుకునే మందులా అమ్మమ్మా?" అని అడిగి కౌంటర్ మీద పరిచాను. షుగర్‌ది ఒకటి, గ్యాస్‌ది ఒకటి, బీపీవి రెండు స్ట్రిప్పులు. ఆ రెండిటి పేర్లు వేరు, కంపెనీలు వేరు, ఒకటి తెల్ల బిళ్ళ, ఇంకోటి రెండు రంగుల బిళ్ళ. వెనక్కి తిప్పి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చిన్నక్షరాలు చదివాను. ఒకదాని మీద టెల్మిసార్టన్ 40. రెండోదాని మీద టెల్మిసార్టన్ 40, దాంతో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ 12.5.

నా ఒళ్ళు జల్లుమంది రా.

ఒకటి ఇక్కడి డాక్టర్ రాసింది. దసరాకి కూతురింటికి పోయినప్పుడు బీపీ ఎక్కువుందని అక్కడి డాక్టర్ ఇంకోటి రాశాడు. ఆవిడ పాత మందు చూపించలేదు, ఆయన అడగలేదు. రెండూ పొద్దున్నే టీ తాగి కలిపి వేసుకుంటోంది. ఒకే మందు రెట్టింపు, పైన ఆ హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో నీళ్ళు లాగేసే మందు. లేవగానే కళ్ళు తిరగక ఏమవుతుంది?

స్టూల్ వేసి కూర్చోబెట్టాను. షాపులో బీపీ మెషిన్ ఉంది. కూర్చున్నప్పుడు 112/70. నిలబెట్టి, చెయ్యి పట్టుకుని, కాసేపాగి మళ్ళీ చూస్తే 86/54. పై అంకె 20 తగ్గితేనే లెక్కలోకి తీసుకోవాలని చదువుకున్నాం కదా, ఇక్కడ 26 పడింది. పుస్తకంలో అది ఒక లైను. నా ఎదురుగా మాత్రం ఒక మనిషి నా మణికట్టు పట్టుకుని ఊగుతోంది.

మందు ఆపమని చెప్పే అధికారం మనకు లేదు. కవరులో పాత చీటీ ఉంటే దాని మీది నంబరుకి ఫోన్ చేశాను. పది కావస్తోంది, ఎత్తరేమో అనుకున్నా. ఎత్తారు. రెండు పేర్లూ, డోసులూ, రెండు రీడింగులూ చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆ రెండోది వెంటనే ఆపించండి, పొద్దున్నే నా దగ్గరికి పంపండి, రక్తంలో సోడియం చూడాలి" అన్నారు. తర్వాత "ఎవరండీ మీరు?" అని అడిగారు. "ఫార్మసిస్టునండీ" అన్నాను. ఏడు నెలల తర్వాత నేనెవరో ఎవరికన్నా ఒక్క మాటలో చెప్పగలిగాను మామా.

ఆవిణ్ణి ఇంటిదాకా దింపి వచ్చాను. సందు చివర రెండో అంతస్తు, రెయిలింగ్ లేని మెట్లు. ఆ మెట్లు చూశాక రూమ్‌కి వచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను.

సోమవారం ఏమైందో విను. ఆవిడ మళ్ళీ వచ్చింది. ఒక్కతే కాదు, సందులోని ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో. ఒకావిడ బిస్కెట్ డబ్బా నిండా బిళ్ళలు తెచ్చి కౌంటర్ మీద పెట్టి "మావి కూడా చూడు" అంది. ఓనరన్న ముఖం చిట్లిస్తాడేమో అని భయపడ్డా. ఆయనే ఇంకో స్టూల్ తెచ్చి వేశాడు. ఆ డబ్బాలో ఎక్స్‌పైరీ అయినవి తీసి పక్కన పెడితే గుప్పెడు తేలాయి.

ఇంకా ఉంది, ఆగు. మంగళవారం నాకు ఇంటర్వ్యూ. హైటెక్ సిటీలో, ఫార్మకోవిజిలెన్స్ పోస్టు, అంటే మందుల వల్ల జరిగే హానిని నమోదు చేసి చూసే పని. పోయినసారి ఇంటర్వ్యూలో "ఈ గ్యాప్‌లో ఏం చేశారు?" అంటే నేను తలొంచుకుని "ప్రిపేర్ అవుతున్నా మేడమ్" అన్నాను గుర్తుందా? ఈసారీ అదే ప్రశ్న. రోజూ సాయంత్రం మెడికల్ షాపులో పనిచేస్తున్నానని చెప్పి, శనివారం జరిగింది చెప్పాను. ఇంటర్వ్యూ చేసే మేడమ్ పెన్ను కింద పెట్టేసి విన్నది. "మందు వల్ల హాని జరిగిందన్న ఒక కేసు రిపోర్ట్ చెల్లాలంటే ఏమేం ఉండాలి?" అని అడిగింది. ఒక పేషెంట్, రిపోర్ట్ చేసే మనిషి, అనుమానం ఉన్న మందు, జరిగిన హాని. ఈ నాలుగూ నేను ఎన్నిసార్లు చదివి మర్చిపోయానో! ఈసారి చదివింది గుర్తు తెచ్చుకోలేదు, ఆ కవరు గుర్తు తెచ్చుకున్నాను. ఆదివారం కూర్చుని ఆ అమ్మమ్మ కేసు ఫారం నింపి, ఇలాంటి రిపోర్టులు తీసుకునే ఘజియాబాద్ ఫార్మకోపియా కమిషన్‌కి మెయిల్ చేశానని చెబితే, ఆవిడ పక్కనున్నాయన వైపు చూసింది. శుక్రవారం, అంటే రేపే, ఫైనల్ రౌండ్‌కి రమ్మన్నారు. వస్తుందో రాదో తెలియదు. కానీ నేను ఈసారి తలొంచుకోలేదు.

ఇప్పుడు నీ తమ్ముడి సంగతి. వాడు సాయంత్రం ట్యూషన్లు చెబుతానంటే నువ్వు వద్దన్నావట, "ముందు మంచి ఉద్యోగం చూసుకో" అని. వద్దనకు రా, నీకు దండం పెడతా. ఇంట్లో కూర్చున్నోడికి ఏం కావాలో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు ఎప్పుడూ కూర్చోలేదు. వాడికి ఐదింటికి వెళ్ళాల్సిన చోటు ఒకటి కావాలి. వాడి కోసం ఎవరో ఒకరు ఎదురుచూడాలి. ఒక్కటి మాత్రం చూసుకోమను: పొద్దున పూట ఎవరికీ ఇవ్వొద్దు. మా ఓనరన్న పోయిన నెల 16,000 ఇస్తా, రోజంతా ఉండు అన్నాడు. చాలా ఆశ పుట్టింది, నిజంగా. కానీ అప్పుడు చదివేదెప్పుడు, ఇంటర్వ్యూకి పోయేదెప్పుడు? వద్దన్నా. ఆయనేం అనుకోలేదు. అలాగే వాడు చదివిన చదువుకి కొంచెమన్నా దగ్గరగా ఉండే పనైతే, లెక్కల పిల్లాడికి లెక్కల ట్యూషన్ అన్నట్టు, వాడి చెయ్యి మొద్దుబారదు. నేను వాడితో మాట్లాడతా, ఈ ఆదివారమే, నువ్వు కూడా

అయ్యో, పగటి అక్క ఫోన్ చేసింది. వాళ్ళ బాబుకి జ్వరమట, స్కూల్‌కి పోవాలట, నన్ను ఇప్పుడే రమ్మంటోంది. చొక్కా ఇస్త్రీ కూడా కాలేదు. మీ పరవాడ సంగతులు, నీ నైట్ షిఫ్టుల సంగతి నేనేం అడగనేలేదు, ఏమనుకోకు. తమ్ముడి నంబరు పంపు. రేపు రౌండ్ అయ్యాక ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
రెండో బెంచి