విశాఖ తీరాన 1804 యుద్ధానికి ఒక బోర్డైనా పెట్టాలి

విశాఖపట్నం ఎదుటే 1804 సెప్టెంబరు 15న జరిగిన నౌకాయుద్ధం గురించి బీచ్ రోడ్డులో ఎక్కడా ఒక్క ముక్క రాసి ఉన్నట్టు నా కంటపడలేదు. మొన్న కురుసుర జలాంతర్గామి చూసి బయటికొస్తుంటే మా మనవడు "తాతయ్యా, తెరచాప ఓడలు ఇక్కడ కొట్టుకోలేదా?" అన్నాడు. ఎందుకు కొట్టుకోలేదు! ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా 74 ఫిరంగుల మారెంగో ఓడతో, మరో రెండు ఫ్రిగేట్లతో (వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలు) వచ్చి, లంగరేసి ఉన్న బ్రిటిష్ సెంచూరియన్ మీద పడ్డాడు. దాని కెప్టెన్ ఆ వేళకి ఒడ్డున ఉన్నాడు. పోరు మొదలుపెట్టింది లెఫ్టినెంటే. వెంట ఉన్న సరుకు ఓడల్లో బార్నబే ఒడ్డుకు కొట్టుకొచ్చి బద్దలైంది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం చిక్కలేదు. ఇంగ్లిషు సముద్ర కథల్లో ఈ లిన్వా పాత్రగా కనిపిస్తాడు. మనకేమో పేరే తెలియదు. ఆ రోజుల్లో ఓడల సరుకు ఒడ్డుకు చేర్చినవి కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు. మేకు ఉండదు, కెరటం కొడితే వంగుతుంది తప్ప తేలిగ్గా విరగదు. అలాంటి పడవలోంచి చూసిన యుద్ధాన్ని తెలుగు నవలలో నేనైతే చదవలేదు. నగరపాలక సంస్థ కురుసుర పక్కనే తెలుగులో ఒక బోర్డు, ఆనాటి పోరు తీరు చూపే పటం పెట్టాలి. నవలల పోటీలు పెట్టే పత్రికలు ఒక ఏడాది సముద్ర చరిత్రను ఇతివృత్తంగా ఇవ్వాలి, మీరే మొదలుపెట్టొచ్చు.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం