ప్రమీలకి ఉత్తరం: పదో గుర్రం సంగతి

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ ప్రమీలా,

తిట్టుకో. నీ ఉత్తరం సంక్రాంతికి ముందే వచ్చింది, జవాబుకి ఇప్పుడు తీరిక దొరికింది. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటావు. కానీ ఈ సంగతి ఫోన్లో చెప్పేది కాదు. సగంలో ఉండగా నువ్వు "సరేగానీ, కూరేం చేశావే" అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. ఆయన బీపీ ఫరవాలేదు. పెద్దాడు బెంగుళూరులో మళ్ళీ ఇల్లు మారాడు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పక్కవాళ్ళు మామిడిచెట్టు కొట్టించేశారు, దాని గురించి ఇంకో ఉత్తరంలో ఏడుస్తాను. చిన్నదాని సంబంధం గురించి అడగొద్దు. అంతే.

ఇక అసలు సంగతి. మా ఆడపడుచు మనవరాలు చిట్టి సెలవులకి వచ్చింది. గుర్రం ఎక్కుతానని ఒకటే గోల. సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళాను. అక్కడ గుర్రాలు తిప్పేవాళ్ళుంటారు కదా, వాళ్ళలో ఒకతనితో బేరమాడాను. డబ్బు అతను తీసుకున్నాడు గానీ పని మొత్తం అతని కూతురిది. పన్నెండేళ్ళుంటాయేమో. చిట్టిని ఎక్కించేముందు గుర్రం పొట్ట కింద పటకా దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసింది. తల అడ్డంగా ఊపి, ఇంకో రంధ్రం బిగించి, మళ్ళీ వేళ్ళు దూర్చి చూసింది. అప్పుడుగానీ "ఎక్కు పాపా" అనలేదు. తండ్రి అటు తిరిగి కూడా చూడలేదు, అంత నమ్మకం.

చీకటి పడ్డాక బేరాలు అయిపోయాయి. ఆ పిల్ల చెప్పులు తీసి తండ్రి చేతికిచ్చింది. జీను లేదు, ఏమీ లేదు. జూలు పట్టుకుని ఒక్క ఊపున ఎక్కి నీళ్ళ అంచున దౌడు తీయించింది చూడు! నేనూ చిట్టీ నోరు తెరుచుకుని నిలబడిపోయాం. తిరిగొచ్చాక "నువ్వు రేసుల్లో ఉండాల్సిందానివే పిల్లా" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "ఆడోల్లని ఎక్కనిస్తారేటి?" అంది.

"ఎందుకు ఎక్కనివ్వరూ" అన్నానే గానీ, నాకు ఏం తెలుసని? మీ మామగారు 'టానిక్ పుస్తకం' చంకలో పెట్టుకుని మలక్‌పేట రేస్‌కోర్సుకి వెళ్ళడం తప్ప గుర్రప్పందేల గురించి నాకు తెలిసింది సున్నా. ఇంటికొచ్చి ఫోన్ పట్టుకున్నాను. ఆయన రెండుసార్లు లేచి "ఇంకా పడుకోలేదా" అన్నారు.

అమెరికాలో డయాన్ క్రంప్ అని ఒకావిడ. 1948లో పుట్టింది. ఫ్లోరిడాలో పెరిగింది, చిన్నప్పటి నుంచీ గుర్రాల కొట్టాల్లోనే. పొద్దున్నే గుర్రాలకి వ్యాయామం చేయించే పనికి ఆడవాళ్ళు పనికొస్తారట, మధ్యాహ్నం పందెంలో ఎక్కడానికి మాత్రం పనికిరారట! 1968లో కేథీ కుస్నర్ అనే ఆవిడ కోర్టుకెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది గానీ, ఖర్మ, పందెం ఎక్కేలోపే కాలు విరిగింది. తర్వాత పెన్నీ యాన్ ఎర్లీ. చర్చిల్ డౌన్స్ అనే రేస్‌కోర్సులో ఆవిడ పేరు పందెంలో పడగానే మగ జాకీలందరూ "మేం ఎక్కం" అని కూర్చున్నారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎక్కం అన్నారు. మూడుసార్లూ అంతే. అప్పుడేమైందో తెలుసా, కెంటకీ కల్నల్స్ అని ఒక మగాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు ఆవిడని తీసుకెళ్ళి తమ మ్యాచ్‌లో దింపింది! పొట్టి స్కర్టు వేసుకుని, వీపు మీద 3 అంకెతో. ఆ మూడు ఎందుకంటే ఎక్కనివ్వని ఆ మూడు పందేలకి. ఒక్కసారి బంతి లోపలికి అందించింది, బయటికొచ్చేసింది, అంతే ఆట. అర్ధరాత్రి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నవ్వాక కోపమొచ్చింది. గుర్రం ఎక్కుతానన్న మనిషిని తీసుకెళ్ళి బంతి ఇవ్వడమేమిటే?

బార్బరా జో రూబిన్ అని ఇంకో పిల్ల, చిన్నప్పుడు పోలియో వచ్చిందట. 1969 జనవరిలో ఆమె బట్టలు మార్చుకోవడానికి ఇచ్చిన ట్రైలర్ కిటికీ మీద రాయి వేశారు.

ఇవన్నీ జరిగాక, 1969 ఫిబ్రవరి 7న, మన డయాన్ హయలీయా పార్క్‌లో గుర్రమెక్కింది. మయామీ పక్కనే ఉంటుంది. మైదానం మధ్యలో ఫ్లెమింగోలు తిరుగుతుంటాయట, మన పులికాట్‌కి వస్తాయే, అలాంటివే. అక్కడా కొందరు జాకీలు మేం ఎక్కం అంటే వాళ్ళ బదులు వేరేవాళ్ళని ఎక్కించారు. జనం మీద పడిపోతుంటే ఇరవయ్యేళ్ళ పిల్లని చుట్టూ పోలీసుల్ని పెట్టి గుర్రం దగ్గరికి నడిపించారు. దారి పొడుగునా కేకలు: ఇంటికి పో, వంట చేసుకో.

ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టేశాను ప్రమీలా. నీకు తెలుసు నాకు ఏం గుర్తొచ్చిందో. యూనివర్సిటీ అవుట్ గేటు, నీ నీలం లూనా, వెనక నేను, ఆ టీ బడ్డీ దగ్గర బ్యాచ్. వాళ్ళు అన్నదీ అదే కదా, "వంట నేర్చుకోవే" అని. నువ్వు బండి ఆపి, దిగి, స్టాండు వేసి మరీ వాడికిచ్చిన జవాబు ఇక్కడ రాయను, మా ఆయన చదువుతారు. 'కందిపచ్చడి' అన్నానంటే చాలు నీకు.

సరే, పందెం ఏమైందో చెప్పలేదు కదూ. గుర్రం పేరు బ్రైడిల్ ఎన్ బిట్. రూపాయి కాస్తే 48 వచ్చే గుర్రం, అంటే ఎవరికీ నమ్మకం లేనిదన్నమాట, మీ మామగారికి మాత్రమే నచ్చే రకం. పన్నెండు గుర్రాల్లో పదోదిగా వచ్చింది.

పదోది! ఆ మాట చదివి నాకు భలే సంతోషమేసింది, ఎందుకో సరిగ్గా చెప్పలేను. మొదటిదిగా వచ్చుంటే అది కథ. పదోదిగా వస్తే... అంటే ఆ రోజు ఆవిడ మిగతా జాకీల్లాగే ఒక మామూలు జాకీ. ఓడిపోవడానికి కూడా హక్కు... ఇదెలా రాయాలో తెలియడం లేదు, నువ్వే అర్థం చేసుకో. రెండు వారాలు తిరిగాయో లేదో, ఫిబ్రవరి 22న, ఆ రాయి వేయించుకున్న రూబిన్ చార్లెస్ టౌన్‌లో కొహీషియన్ అనే గుర్రం మీద గెలిచేసింది. అందుకని గెలిచినవాళ్ళలో మొదటి పేరు ఆమెది. నేను మాత్రం డయాన్ పార్టీ.

మర్నాడు సాయంత్రం చిట్టిని నెపం పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. పదోది అనేసరికి మొహం ముడుచుకుంది. "మరి గెలిసిందెప్పుడండీ?" అని నిలదీసింది. మార్చి 20న గెలిచింది, గుర్రం పేరు టౌ రిట్జీ అన్నాను. "గుర్రానికి ఆ పేరేటండీ" అని ఇసకలో పడి నవ్వింది. వాళ్ళ గుర్రం పేరేమిటో తెలుసా? హుద్‌హుద్! ఆ తుఫాను ఏడు పుట్టిందట. నవ్వడానికి దానికి ఏం అర్హత ఉందే!

తండ్రి వింటూనే ఉన్నాడు. "ఇలాటివి దానికి సెప్పకండమ్మా, అసలే మాటినదు" అన్నాడు. అంటూనే "ఆ పెద్ద పందెం దాకా ఎల్లిందా ఆవిడ?" అని అడిగాడు. వెళ్ళింది. 1970లో కెంటకీ డెర్బీ ఎక్కింది. 1875 నుంచీ జరుగుతున్న పందెం, అది 96వది, అన్నేళ్ళలో ఎక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఫాథమ్ అనే గుర్రం, 17లో 15వ స్థానం. (మళ్ళీ!) కానీ అదే రోజు అదే మైదానంలో జరిగిన మొదటి పందెం ఆవిడే గెలిచింది, ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు. డెర్బీలో రెండో ఆడమనిషి ప్యాటీ కుక్సీ 1984లో గానీ రాలేదు. పద్నాలుగేళ్ళు! జూలీ క్రోన్ 1993లో బెల్మాంట్ స్టేక్స్ గెలిచేదాకా అంతటి పెద్ద పందెం ఆడవాళ్ళ చేతికి చిక్కనే లేదు. ఎముకలు విరిగినా డయాన్ మళ్ళీ మళ్ళీ ఎక్కుతూనే ఉంది, రెండు వందల పైచిలుకు గెలిచి, 90ల చివర్లో గానీ దిగలేదు.

మన దేశంలో చెన్నైలో రూపా సింగ్ అనే ఆడ జాకీ ఉందట, గుర్రాల ఇంట్లోనే పుట్టిన పిల్ల. అది చెప్పగానే మన బీచ్ పిల్ల "సెన్నై అంటే ట్రైన్లో ఒక రాత్రే కదండీ" అంది. తండ్రి నా వంక చూశాడు. నేను సముద్రం వంక చూశాను. అనవసరంగా ఆశ పెట్టానా అని ఆ రాత్రి కాస్త దిగులేసింది కూడా. ఫీజులు, శిక్షణ, బరువు లెక్కలు, వాళ్ళకి ఇవన్నీ ఎక్కడ అవుతాయి?

అందుకే నీకో పని. మలక్‌పేట రేస్‌కోర్సు మీ ఇంటికి ఎంత దూరమని! మీ మామగారి స్నేహితులు ఎవరైనా మిగిలి ఉంటే అడుగు, జాకీ నేర్చుకోవాలంటే ఎన్నేళ్ళుండాలి, ఎక్కడ నేర్పుతారు, ఆడపిల్లల్ని తీసుకుంటారా, వసతి ఇస్తారా. ఊరికే విని వదిలెయ్యకు, కాగితం మీద రాసుకో. 'టానిక్' కోసం అని మాత్రం చెప్పకు, నీ పరువు పోతుంది. ఇంకా ఆ పిల్ల చదువు సంగతి కూడా నీకు రాయాలి, ఏడో క్లాసు మధ్యలో

ఇదిగో ఈయన బండి తాళాలు ఆడిస్తున్నారు, దారిలో పోస్టు డబ్బాలో వేస్తారట, ఇప్పుడు ఇవ్వకపోతే మళ్ళీ ఉగాదికే. చిరునామా కూడా రాయలేదింకా. ఉంటానే.

నీ
లలిత