మన పాదాలకు సరిపోయే స్కీ బూట్ల గురించి

డెన్వర్,
నవంబరు 9.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న శుక్రవారం అందింది. చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని, సాల్ట్ లేక్ సిటీ మీ అందరికీ బాగా నచ్చిందని తెలిసి సంతోషించాను. అయితే చివరి పేరా చదివాక మాత్రం మనసు కలుక్కుమంది. బ్రైటన్ స్కీ కొండ దగ్గర పదకొండు గంటలకే బూట్లు విప్పేసి, మొద్దుబారిన పాదాలను చేతులతో రుద్దుకుంటూ కూర్చున్నానని, పిల్లలు ఇద్దరూ నువ్వు లేకుండానే లిఫ్టు ఎక్కి వెళ్ళారని రాశావు. ఈసారి ఇంకో సైజు పెద్ద బూట్లు కొని చూస్తానని, అప్పటికీ నొప్పి తగ్గకపోతే స్కీయింగ్ మానేస్తానని కూడా రాశావు. ఆ పెద్ద సైజు బూట్లు దయచేసి కొనవద్దు. ఐదేళ్ళ క్రితం నేను సరిగ్గా ఆ పనే చేసి రెండు శీతాకాలాలు వృథా చేసుకున్నాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నా పాదాలు నీకు తెలిసినవే. వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం, మీగాలు ఎత్తు. నీవీ దాదాపు అంతే. మొదటిసారి బూట్లు కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు నా పాదం కొలవలేదు. మామూలు బూట్ల సైజు ఎంత అని అడిగి, వెడల్పు పాదమని చెప్పగానే 28.5 సైజు తెచ్చి తొడిగించాడు. దుకాణంలో పది నిమిషాలు నిలబడితే హాయిగానే అనిపించింది. లవ్‌లాండ్ కొండ మీద రెండో పరుగు, అంటే మంచు మీద జారుతూ రెండోసారి కిందికి దిగడం, పూర్తయ్యేసరికి చిటికెనవేలి పక్క ఎముక నిప్పు పెట్టినట్టు మండింది. మూడో పరుగుకు మీగాలు నుంచి వేళ్ళ దాకా తిమ్మిరెక్కిపోయింది. వెడల్పు పాదానికి పెద్ద బూటు వేసుకున్నా ఇంత నొప్పి ఎందుకో ఆ రోజు నాకు అంతుపట్టలేదు.

కారణం తర్వాత తెలిసింది. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు, అదీ సెంటీమీటర్లలో. 26.5 అంటే 265 మిల్లీమీటర్ల పాదానికి ఉద్దేశించినది. నా పాదాన్ని ఆ తర్వాత ఒక అనుభవజ్ఞుడు కొలిస్తే 268 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే నేను రెండు పూర్తి సైజులు పెద్ద బూటులో కాలు పెట్టాను. బూటు బయటి గట్టి ప్లాస్టిక్ డొప్ప పెద్దదైతే అందులో మడమ నిలవదు, ప్రతి మలుపులోనూ పైకి లేస్తుంది. అది లేవకుండా ఉండాలని మనం బకిళ్ళను ఇంకా, ఇంకా బిగిస్తాం. ఆ బిగింపు మడమను పట్టుకోదు, మీగాలు మీద పడుతుంది. వేళ్ళకు రక్తాన్ని, స్పర్శను చేర్చే నాళాలూ నరాలూ ఆ మీగాలు మీదుగా చర్మానికి దగ్గరగానే వెళ్తాయి కనుక పాదం మొద్దుబారి చల్లబడిపోతుంది. కాలు జారకుండా వేళ్ళు కొంకర్లు పోయినట్టు ముడుచుకుంటాయి, దాంతో అరికాలు పట్టేస్తుంది. మరో సంగతి కూడా ఉంది. వేళ్ళ మొదట్లో ఎముకల కోసం ప్రతి బూటులోనూ ఒకచోట కాస్త ఉబ్బు ఇస్తారు. బూటు పొడవు పెరిగితే ఆ ఉబ్బు కూడా ముందుకు జరుగుతుంది, మన ఎముక మాత్రం దానికి వెనుక, సన్నగా ఉన్నచోట, గోడకు ఒత్తుకుంటుంది. నీ చిటికెనవేలి మంటకూ ఇదే కారణమై ఉంటుందని నా గట్టి నమ్మకం.

దీన్ని నువ్వు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బూటు లోపలి మెత్తటి లైనర్‌ను బయటికి లాగెయ్. ఒట్టి ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టి, వేళ్ళు ముందు గోడకు ఆనీ ఆననట్టు తగిలేలా జరిగి, మోకాళ్ళు కొంచెం వంచి, మడమకూ వెనుక గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చేతి వేళ్ళు పెట్టి చూడు. ఒక వేలు నుంచి రెండు వేళ్ళ మందం, అంటే సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు, ఉంటే సైజు సరైనదే. నా 28.5 బూటులో మూడు వేళ్ళు పెట్టినా ఇంకా ఖాళీ మిగిలింది. ఇంకో మాట, 26కూ 26.5కూ సాధారణంగా డొప్ప ఒక్కటే. అర సైజు తేడా లోపలి మెత్తలో మాత్రమే ఉంటుంది కనుక అర సైజు పెంచితే సుఖమని ఎవరైనా చెబితే నమ్మకు.

మన పాదాలు ఈ ఆటకు పనికిరానివని నువ్వు రాసిన మాటకు మాత్రం నేను ఒప్పుకోను. చిన్నప్పుడు చెప్పులు లేకుండా పొలం గట్ల మీద, కాలవ ఒడ్డున తిరిగిన పాదాలివి. వేళ్ళు విచ్చుకుని పెరగడం వాటి లోపం కాదు. మన దేశంలోనే ఇద్దరు వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ఒక వ్యాసం ప్రచురించారు. బూట్లు తొడుక్కునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలుంటే, వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయట. మరి మన ఊరి బజారులో చెప్పులు కుట్టే తాత ఏం చేసేవాడో గుర్తుందా? అట్టముక్క నేల మీద పరిచి, దాని మీద మనల్ని నిలబెట్టి, పెన్సిలు ముక్కతో పాదం చుట్టూ గీత గీసేవాడు. కూర్చోబెట్టి ఎప్పుడూ గీసేవాడు కాదు. బరువు పడితే పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూడేళ్ళ క్రితం అక్టోబరులో ఇక్కడి బూట్ల నిపుణుడు నన్ను ముందు కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి, రెండుసార్లూ కొలిచి, ఆ రెండు అంకెల మధ్య తేడాను కాగితం మీద రాసుకున్నప్పుడు నాకు ఆ తాతే కళ్ళ ముందు మెదిలాడు.

ఆ నిపుణుడి దగ్గర గడిపిన మూడు గంటల గురించి నీకు వివరంగా చెప్పాలి. మొదటి అరగంట ఆయన బూటు మాటే ఎత్తలేదు. పాదం వెడల్పు, మీగాలు ఎత్తు, పిక్క చుట్టుకొలత చూశాడు. మోకాలిని ముందుకు వంచమని చెప్పి, చీలమండ ఎంతవరకు వంగుతుందో పరిశీలించాడు. సరిగా వంగని చీలమండకు మడమ కింద చిన్న ఎత్తు పెడితే మడమ లేవకుండా కుదురుకుంటుందని చెప్పాడు. నాకు అది అవసరం రాలేదు. తర్వాత నా అరికాలి అచ్చు తీసి, దానికి తగినట్టుగా ఫుట్‌బెడ్, అంటే బూటు లోపల అరికాలి కింద పెట్టే ఆధారం, తయారు చేశాడు. బూటుతో వచ్చే మెత్త పలచని రేకులాంటిది, పాదాన్ని ఏమాత్రం మోయదు. నాలాంటివారి అరికాలి ఎత్తైన వంపు బరువుకు కుంగిన ప్రతిసారీ పాదం ముందుకు సాగి, పక్కలకు విచ్చుకుని గోడలకు ఒరుసుకుంటుంది. ఫుట్‌బెడ్ ఆ కుంగుబాటును ఆపుతుంది. నాకు దానికి 220 డాలర్లు అయింది. ఆ ఖర్చు చేసేటప్పుడు మనసు పీకింది కానీ, ఇప్పుడు నా బూట్లలో ఏ ఒక్క భాగాన్ని వదులుకోమన్నా దాన్ని మాత్రం వదలను.

అప్పుడు బూట్లు తెచ్చాడు. అన్నీ 26.5 సైజువే. లాస్ట్ అనే మాట నువ్వు వినే ఉంటావు. బూటును ఏ అచ్చు మీద పోస్తారో ఆ అచ్చు వెడల్పు అది, వేళ్ళ మొదట్లో కొలుస్తారు. 98 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే సన్నవి, 100 మధ్యరకం, 102 దాటితే వెడల్పువి. నా పాదం నిలబడితే 106 ఉంది. 104 బూటు ఇవ్వమని నేనే అడిగాను. ఆయన వద్దన్నాడు. అంత వెడల్పు బూటు సాధారణంగా మడమ దగ్గర కూడా వదులుగానే ఉంటుందని, మడమ సన్నంగా ఉన్న నాలాంటివారు మడమను పట్టుకునే బూటు ఎంచుకుని, ముందు భాగాన్ని పాదానికి తగ్గట్టు సాగదీయించుకోవాలని చెప్పాడు. ప్లాస్టిక్‌ను సాగదీయగలం కానీ కుదించలేం కదా, అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది. 100 లాస్ట్ బూటు తీసుకున్నాను.

ఎక్కడ సాగదీయాలో కనిపెట్టే పద్ధతి నువ్వు చూస్తే ముచ్చటపడతావు. నా చిటికెనవేలి ఎముక మీద, చీలమండ గుబ్బ మీద లిప్‌స్టిక్‌తో చుక్కలు పెట్టాడు. ఒట్టి డొప్పలో మెల్లగా కాలు పెట్టించి తీయించాడు. డొప్ప లోపల ఆ ఎర్రటి మచ్చలు ఎముకలు తగిలిన చోటే అంటుకున్నాయి. ఆ మచ్చల దగ్గర వేడిగాలి పెట్టి ప్లాస్టిక్‌ను మెత్తబరిచి, లోపలి నుంచి ఒక గుండ్రటి ఇనుప గుండును స్క్రూ బిగించి నెట్టాడు. కావలసినదానికంటే కాస్త ఎక్కువే నెట్టాడు, ఎందుకంటే చల్లారిన ప్లాస్టిక్ కొంత వెనక్కి వస్తుంది. మరుసటి రోజు దాకా దాన్ని అలాగే బిగించి ఉంచాడు. నేను వెళ్ళి చూసేసరికి బూటు పక్కన చిన్న రేగిపండు అంత ఉబ్బు తేలి ఉంది. మీగాలు కోసం వేరే ఉపాయం చేశాడు. బూటు అడుగున ఒక గట్టి పలక ఉంటుంది, దాన్ని తీసి కింది వైపు కొన్ని మిల్లీమీటర్లు గీకేశాడు. నేల కిందికి దిగితే కప్పు దానంతట అదే ఎత్తవుతుంది.

ఇంత చేసినా మొదటిసారికే అంతా కుదరలేదు. కీస్టోన్ స్కీ కొండ మీద ఒక పూట తిరిగాక కుడి చీలమండ లోపలి గుబ్బ ఒరుసుకుంది. మళ్ళీ వెళ్ళాను, ఆయన అక్కడ కొంచెం గీకాడు. మూడోసారి వెళ్ళినప్పుడు ఎడమ కాలి పైబకిల్ స్థానం ఒక మెట్టు మార్చాడు. తర్వాత నుంచి కాలు గుర్తుకు రాకుండా రోజంతా తిరుగుతున్నాను. ఈ రాకపోకలకు వేరే డబ్బు తీసుకోలేదు. నువ్వు ఎవరి దగ్గరికి వెళ్ళినా, బూటు చూడకముందే ఈ సవరణలు ఎన్నాళ్ళపాటు ధరలో కలిసే ఉంటాయో అడుగు. మంచి నిపుణుడిని ముందు వెతుక్కోవాలి, బూటు తర్వాత. అంతర్జాలంలో వంద డాలర్లు తక్కువకు వస్తుందని తెప్పించుకుంటే ఆ గుండు బిగించి నెట్టేవాడు ఎవడూ ఉండడు.

పూర్తిగా మన కాలికే చేయించుకోవచ్చా అని అడిగావు. చేయించుకోవచ్చు. మీ సాల్ట్ లేక్ సిటీ డేల్‌బూట్ అనే స్కీ బూట్లకు పుట్టినిల్లు. 1960లలో మెల్ డేల్‌బౌట్ అనే ఆయన మెగ్నీషియం లోహంతో బూటు డొప్ప చేసి చూశాడు, ఆ తర్వాత కొలతలను బట్టి అమర్చే బూట్లకే ఆ పేరు స్థిరపడింది. లైనర్ విషయంలోనూ రెండు దారులున్నాయి. ఒకటి, వాంకూవర్‌లోని ఇంట్యూషన్ సంస్థ చేసే రకం. పొయ్యిలో వేడి చేసి, అది మెత్తగా ఉండగానే కాలు పెట్టి నిలబడితే పాదం ఆకారానికి వస్తుంది, తేలిక, వెచ్చన. రెండోది, మనం బూటులో నిలబడి ఉండగానే లైనర్‌లోకి ద్రవరూపపు ఫోమ్ పోసేది. ఆస్ట్రియాలోని లెహ్ గ్రామంలో స్ట్రోల్జ్ వారు ఇలాంటి బూట్లకు పేరుపొందారు. ఫోమ్ గట్టిపడే ఆ కొన్ని నిమిషాలు ఒత్తిడి బాగా ఉంటుంది, సరిగా నిలబడకపోతే ఆ తప్పు కూడా అచ్చులో పడిపోతుంది. నా సలహా, ముందు డొప్ప, ఫుట్‌బెడ్ సరిచేయించు. అవి సరిగా లేకుండా ఎంత ఖరీదైన లైనర్ వేసినా పునాది లేని ఇంటికి సున్నం కొట్టినట్టే.

బూటు ముందుకు వంగడానికి ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే ఫ్లెక్స్ అంకెల గురించి ఎక్కువ ఆలోచించకు. 100 అని ఒక సంస్థ రాసినది మరో సంస్థ 100తో సమానం కాదు, దానికి ఉమ్మడి ప్రమాణం లేదు. మోకాలు ముందుకు వంచితే బూటు నీతో కలిసి సాఫీగా వంగాలి, అంతే. మేజోళ్ళు మాత్రం ఒక్క జతే, పలచని ఉన్నివి వేసుకో. చలి అని రెండు జతలు వేసుకుంటే పాదం బిగుసుకుని మరింత చల్లబడుతుంది. లోపలి పైజామా అంచు బూటులోకి దిగకుండా చూసుకో, ఆ చిన్న మడత సాయంత్రానికి మోకాలి కింది ఎముక మీద ఎర్రటి గాడి పెడుతుంది.

కొత్త బూటు తొడిగినప్పుడు నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగులుతాయి. అది చూసి బెదిరిపోయి పెద్ద సైజు అడగవద్దు. బకిళ్ళు పెట్టి మోకాళ్ళు వంచగానే మడమ వెనుక గూటిలోకి దిగి వేళ్ళు వెనక్కి వస్తాయి. అలా ఇరవై, ముప్ఫై నిమిషాలు దుకాణంలోనే తిరుగు. అంతటా సమానంగా గట్టిగా పట్టుకున్నట్టుంటే మంచిదే, ఎందుకంటే కొన్ని రోజులకు లైనర్ అణిగి చోటు ఇస్తుంది. ఎక్కడైనా ఒక్కచోట సూదితో పొడిచినట్టుంటే మాత్రం మొహమాటపడకుండా చెప్పెయ్.

డిసెంబరు చివరి వారంలో మేమందరం మీ ఇంటికి వస్తున్నాం, పిల్లలు అప్పుడే రోజులు లెక్కపెడుతున్నారు. ఆల్టా స్కీ కొండ మీద నాలుగు రోజులు కలిసి తిరగాలని నా కోరిక. నిపుణుడి దగ్గర రెండు మూడు సార్లు కూర్చోవడానికి నీకు ఇంకా ఆరు వారాలు వ్యవధి ఉంది. ఈ ఉత్తరం అందిన రోజు రాత్రే ఆ పాత బూట్లు దించి, లైనర్ లాగేసి, మడమ వెనుక ఎన్ని వేళ్ళు పట్టాయో రెండు కాళ్ళకూ విడివిడిగా చూసి నాకు రాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బాల్యమిత్రుడు