షో వాయిదా పడితే డబ్బు ఎవరి దగ్గర ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు సంగీత కచేరీ అయినా, కామెడీ షో అయినా, ఉప్పల్‌లో మ్యాచ్ అయినా టికెట్ యాప్‌లో కొనాల్సిందే. కొనడానికి రెండు నిమిషాలు చాలు. అదే డబ్బు వెనక్కి రావాలంటే మాత్రం వారాల తరబడి తిరగాలి.

మనకు కుదరక మనమే వెళ్లకపోతే, రీఫండ్ ఇచ్చేది లేదని వాళ్లన్నా ఒప్పుకోవచ్చు. ఆ సీటు మన పేరు మీద ఆపి ఉంచారు కదా. షో రద్దయితే ఆలస్యంగానైనా టికెట్ ధర సాధారణంగా వస్తుంది. చిక్కంతా వాయిదాతోనే. ‘కొత్త తేదీకి ఇదే టికెట్ చెల్లుతుంది’ అని ఒక మెసేజ్ పడేస్తారు. ఆ రోజు మనకు వీలవుతుందా అని అడిగేవాళ్లుండరు. ఒక్కోసారి కొత్త తేదీ కూడా చెప్పరు, ‘త్వరలో ప్రకటిస్తాం’ అంటారు. రద్దు అంటే డబ్బు తిరిగివ్వాలి, వాయిదా అంటే అక్కర్లేదు. ఇలాగైతే ఏ నిర్వాహకుడు రద్దు అని నోరు తెరిచి చెబుతాడు?

పిల్లలు సెలవులకు వచ్చారని గచ్చిబౌలిలో ఒక కార్యక్రమానికి మేమూ టికెట్లు తీసుకున్నాం. వాయిదా వేశారు. కొత్త తేదీ నాటికి ఒకరు బెంగళూరులో, ఒకరు పరీక్షల్లో. యాప్ వాళ్లను అడిగితే ‘ఆర్గనైజర్ ఒప్పుకోవాలి సార్’ అన్నారు. ఆర్గనైజర్‌ను అడిగితే ‘మీరు కట్టింది యాప్‌కే కదండీ’ అన్నాడు. గట్టిగా పట్టుబడితే టికెట్ ధర ఇచ్చారు. టికెట్ ధర మీద యాప్ అదనంగా వసూలు చేసే కన్వీనియెన్స్ ఫీజు, దాని మీద వేసిన 18 శాతం జీఎస్టీ మాత్రం పోయినట్టే. జరగని షోకు ఆ ఫీజు ఎందుకు వదులుకోవాలో ఎవరూ చెప్పలేదు.

చట్టం లేక కాదు. సేవలో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోగా, అది రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. యూపీఐలో డబ్బు కట్ అయి దుకాణదారుకు చేరకపోతే ఐదు రోజుల్లో వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది. వాయిదా పడిన షోకు అంత స్పష్టమైన గడువు ఎందుకు ఉండకూడదు? వినియోగదారుల ఫిర్యాదులకు 1915 హెల్ప్‌లైన్ ఉంది, ఐదు లక్షల లోపు వివాదమైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కానీ ఎనిమిది వందల టికెట్ కోసం ఆఫీసుకు సెలవు పెట్టి ఎవరు వెళ్తారు? ఆ ధీమాతోనే కదా ఇదంతా నడుస్తోంది.

ఇందులో పోలీసు శాఖ చేయగలిగింది చాలా ఉంది. నగరంలో పెద్ద కార్యక్రమానికి వాళ్ల అనుమతి తప్పనిసరి. అయినా అనుమతి చేతికి రాకముందే అమ్మకాలు మొదలవుతుంటాయి. 2023 డిసెంబరులో నూతన సంవత్సర వేడుకకు ఇలాగే టికెట్లు అమ్మారని సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కేసు సరే, కొన్నవాళ్ల డబ్బు మాటేమిటి?

అనుమతి పత్రం చూపిస్తే తప్ప యాప్‌లో అమ్మకం మొదలుకాకూడదు. షో ముగిసేదాకా డబ్బు నిర్వాహకుడి చేతికి పోకూడదు. తేదీ గానీ, వేదిక గానీ, ప్రధాన కళాకారుడు గానీ మారితే ‘టికెట్ ఉంచుకుంటారా, డబ్బు కావాలా’ అని కొన్నవాళ్లను అడగాలి. కావాలన్నవాళ్లకు ఫీజు, పన్నుతో సహా ఏడు రోజుల్లో ఇవ్వాలి. అనుమతి ఇచ్చేటప్పుడే ఇవన్నీ షరతులుగా రాయించుకోవడం పోలీసులకు, జీహెచ్‌ఎంసీకి కష్టమేమీ కాదు. ఈసారి డిసెంబరు 31 టికెట్లు అమ్మకానికి రాకముందే ఆ ఉత్తర్వు రావాలి.

— ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్