పెరుగన్నంలో కలిపిన మందు

గుంటూరు,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

నిన్న ఫోన్‌లో "ముగ్గురం పట్టుకున్నా పాప మందు ఉమ్మేస్తోందిరా" అన్నావు చూడు, ఆ గొంతు విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. వెనకాల చెల్లెమ్మ ఏడుపు కూడా వినపడింది. ఫోన్‌లో నేను చెప్పాల్సింది సగం కూడా చెప్పలేదు. ఇప్పుడు మావాడు పడుకున్నాడు, ఇల్లు సద్దుమణిగింది, అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది. ఓపిగ్గా చదివి చెల్లెమ్మకు కూడా ఇవ్వు.

ముందు ఒక మాట. పాప మొండిది కాదు. ఇంట్లో ఎవరన్నా ఆ మాట అంటే ఊరుకోకు. మాకూ రెండేళ్లపాటు అందరూ అదే చెప్పారు, మేమూ నమ్మాం. నమ్మినందుకు వాడు ఎంత నష్టపోయాడో నీకు తెలియాలి.

వాడికి మూడున్నరేళ్లప్పుడు చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరు గారు అమాక్సిసిలిన్-క్లావులనేట్ పొడి సిరప్ రాశారు. పూటకు 5 ఎంఎల్, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. అంటే పద్నాలుగు సార్లు తాగించాలి. మొదట మా అమ్మ తనకు తెలిసిన పద్ధతిలోనే పట్టింది. మనం పెరిగిన పద్ధతే. కాళ్లు చాపుకుని, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు నొక్కి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం. ఆముదం, వస, కరక్కాయ మనం అలాగే తాగాం కదా. అమ్మను తప్పు పట్టను. కానీ మూడో పూట వాడికి పొలమారింది. దగ్గు ఆగలేదు, ముఖం కందిపోయింది, ఒక్క క్షణం ఊపిరి అందలేదు. ఆ క్షణం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అలా పడుకోబెట్టి, ముక్కు మూసి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని తర్వాత డాక్టరు గారు గట్టిగా చెప్పారు. బావా, ఈ ఒక్క పనీ ఈరోజుతో మానేయండి.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. అప్పట్లో వాడు తినేవి అయిదే అయిదు. తిరగమోత లేని పెరుగన్నం, ఇడ్లీ, చక్కెరకేళి అరటిపండు, ఒకే రకం బిస్కెట్, అప్పడం. అందులో పెరుగన్నం అంటే ప్రాణం. రాత్రి నిద్ర వచ్చేది దాంతోనే. నేను ఆ పెరుగన్నంలో మందు కలిపాను. కనపడకుండా బాగా కలిపి, మామూలుగా ముద్ద పెట్టాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాలుకతో మెల్లగా బయటికి తోసేసి నా వైపు చూశాడు. ఏడవలేదురా. ఉత్తినే చూశాడు. ఆ రాత్రి నుంచి పదకొండు నెలలు పెరుగన్నం ముట్టుకోలేదు. కంచంలో తెల్లగా ఏది కనపడినా లేచి వెళ్లిపోయేవాడు. అయిదులో ఒకటి పోయింది. పైగా మందు తాగనూ లేదు.

అందుకే మీ పాప ఇష్టంగా తినే దాంట్లో మందు దాచొద్దు. పాలసీసాలో అసలు వద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు, పైగా పాల మీదే విరక్తి వస్తుంది. ఏదన్నా కలపక తప్పకపోతే, పాప రోజూ తిననిది ఒక్క చెంచా తీసుకుని, తనకు చెప్పి, చూపించి, కళ్ల ముందే కలపండి. అదీ డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగాకే. కొన్ని మందులు పాలతో కలిస్తే సరిగా పనిచేయవు. కొన్ని మాత్రలు ఒంట్లో నెమ్మదిగా కరిగేలా చేసినవి, వాటిని నూరకూడదు. "చాక్లెట్టమ్మా" అని కూడా అనొద్దు. ఒకసారి అబద్ధమని తెలిస్తే మన మాట నమ్మరు. నమ్మితే ఇంకా ప్రమాదం, ఎప్పుడో ఒకరోజు సీసా మొత్తం తాగేస్తారు.

మాకు దారి చూపించింది ఇక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టు మేడమ్, అంటే పిల్లలకు రోజువారీ పనులు అలవాటు చేయించే ఆవిడ. వెళ్లిన రోజు నేను "మందు చేదు వాడికి పడదండి" అన్నాను. ఆవిడ "చేదేనని మీకెలా తెలుసు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఒక మందు తాగాలంటే వాసన, రంగు, జిగట, చల్లదనం, నోట్లో చెంచా తగలడం, గడ్డం మీద బొట్టు పడటం, చుట్టూ పెద్దవాళ్ల అరుపులు, ఇన్ని ఒకేసారి మీద పడతాయట. మనకు చిన్నగా అనిపించేది మావాడిలాంటి పిల్లలకు పదింతలు వినపడుతుంది, తగులుతుంది. అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు దీని గురించి 1970ల్లోనే రాశారు. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో దీన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది మాత్రం 2013లో. మనం పల్లెలో "వీడికి అన్నీ చిరాకే" అని వదిలేసిన పిల్లలు ఎంతమందో అనిపించింది ఆ రోజు.

వారం రోజులు గమనించి రాసుకోమన్నారు. రాస్తే ఏం తేలిందో తెలుసా? మావాడి బాధ చేదు కాదు. ఒకటి, స్టీలు చెంచా పళ్లకు తగలడం. రెండు, గడ్డం మీద జిగట బొట్టు. బొట్టు పడగానే చొక్కా విప్పి పారేసేవాడు, మేమేమో మందు మీద కోపం అనుకున్నాం. మీ పాపది ఇదే కాకపోవచ్చు. వాసన కావచ్చు, రంగు కావచ్చు. ముందు అది పట్టుకోండి. పట్టుకోకుండా చేసే ఉపాయాలన్నీ చీకట్లో విసిరిన రాళ్లే.

చెంచా పోయింది, సూది లేని 5 ఎంఎల్ సిరంజి వచ్చింది. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు. చివర చిన్న మూత ఉంటే వెంటనే తీసి పారెయ్, పిల్లల గొంతులో ఇరుక్కుంటుంది. అయితే సిరంజి చూడగానే మావాడికి టీకాలు గుర్తొచ్చి మంచం కిందకి దూరాడు. అందుకని రెండు వారాలు మందు ఊసే ఎత్తలేదు. స్నానం బకెట్లో నాలుగు సిరంజిలు వేసి వదిలేశాం. నీళ్లు పీల్చడం, చిమ్మడం, నా ముఖం మీద కొట్టడం. తులసి మొక్కకు సిరంజితో నీళ్లు పోశాడు, బొమ్మ ఏనుగుకు తాగించాడు, తర్వాత నాకు తాగించాడు. పదో రోజో పదకొండో రోజో తనే నోట్లో పెట్టుకుని నీళ్లు నొక్కుకున్నాడు. మీ చెల్లి వంటింటి గుమ్మంలో చప్పుడు చేయకుండా నిలబడిపోయింది. ఇదంతా జ్వరం లేనప్పుడు చేయాలి బావా. ఒళ్లు కాలిపోతున్నప్పుడు కొత్తది నేర్చుకోవడం ఏ పిల్లకైనా కష్టం.

ఇప్పుడు మా పద్ధతి చెప్తాను. టీవీ, మిక్సీ, ఫ్యాన్ ఆపేస్తాం. మా అత్తగారి పాత నూలు చీర ఒకటుంది, దాన్ని భుజాల చుట్టూ గట్టిగా చుట్టమని వాడే అడుగుతాడు. చేతులు బయటే ఉంటాయి. కట్టేయడం కోసం కాదు, ఆ ఒత్తిడి వాడికి హాయి. నిటారుగా కూర్చుంటాడు. ఫ్రిజ్ మీద నాలుగు ఫోటోలు అంటించాం, సిరంజి, నోరు, నీళ్ల గ్లాసు, వాడి లారీ. "ముందు మందు, తర్వాత లారీ." అంతే మాట, బతిమాలడం లేదు. ముందు ఒక చిన్న పుల్ల ఐస్ చీకుతాడు, చల్లదనానికి నాలుక కాస్త మొద్దుబారి రుచి తక్కువ తెలుస్తుంది. సిరంజి కొన బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా, ఒక ఎంఎల్ మించకుండా. నొక్కేది వాడే, నా వేలు వాడి వేలి మీద ఉంటుంది. "ఒకటి, రెండు, మూడు" అని అయిదు దాకా లెక్కపెట్టి ఆపుతాం. అయిదు అన్నామంటే అయిదే. "ఇంకొక్కటి నాన్నా" అని ఒక్కసారి కూడా అనలేదు. గడ్డం కింద పొడి తువ్వాలు వాడే పట్టుకుంటాడు. మొదటిసారి 5 ఎంఎల్‌కు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఇప్పుడు మూడు నిమిషాలు.

ఒకసారి షాపులో వేరే కంపెనీ సీసా ఇచ్చారు. "అదే మందు సార్" అన్నారు. మందు అదే, కానీ నారింజ వాసన పోయి స్ట్రాబెర్రీ వచ్చింది. మూత తీయగానే వాడు గదిలోంచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి సీసా ఫోటో ఫోన్‌లో పెట్టుకుని అదే అడుగుతున్నాను.

ఇంకొకటి, ఇది జాగ్రత్తగా చదువు. పారాసెటమాల్ సిరప్ అన్నీ ఒకటి కాదు. కొన్నింట్లో 5 ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములు, కొన్నింట్లో 250. చిన్నపిల్లల చుక్కల మందు ఇంకా గాఢం. మావాడు అప్పుడు 14 కిలోలు. డాక్టరు గారు కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 210 చెప్పారు. 120 సిరప్ అయితే దాదాపు 9 ఎంఎల్, 250 అయితే 4 ఎంఎల్ కొంచెం పైన. తొమ్మిది సార్లు నొక్కేదానికీ నాలుగు సార్లు నొక్కేదానికీ మాకు ఎంత తేడానో నువ్వే ఊహించుకో. అందుకే "తక్కువ పరిమాణంలో దొరికేది రాయండి" అని అడగండి. కానీ సీసా మారితే కొలత తప్పకుండా మారాలి. పాత కొలతతో కొత్త సీసా పోస్తే రెట్టింపు మందు లోపలికి పోతుంది. సీసా మీద పెన్నుతో రాసి పెట్టుకోండి. పాప ఉమ్మేస్తే అంచనా మీద మళ్లీ పోయకండి, డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. అసలు నోటితో దిగకపోతే జ్వరానికి మలద్వారంలో పెట్టే మందు ఉంది. కొందరు పిల్లలకు అదే తేలిక, మావాడికి మాత్రం అది ఇంకా నరకం. నీళ్లు కూడా తాగకుండా, మూత్రం తగ్గి, మగతగా ఉంటే ఇవేవీ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒకసారి బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీకి, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థకు, పాపను తీసుకెళ్లండి. 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పాపకు ఆటిజం అనో మరొకటనో ఏ పేరు పెడతారో అని చెల్లెమ్మ భయపడుతోందని తెలుసు. మీ చెల్లీ అలాగే ఆర్నెల్లు వాయిదా వేసింది. పేరు ఏదైనా పాప మన పాపే కదా. ఎలా మెలగాలో చెప్పేవాళ్లు త్వరగా దొరుకుతారు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పోయిన నెల జ్వరంలో ఒక రాత్రి ఎంత చేసినా నోరు తెరవలేదు. మేమూ బలవంతం చేయలేదు. డాక్టరు గారికి ఫోన్ చేశాం, ఆ పూటకు ఆగమన్నారు. తెల్లారాక తనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి సిరంజి ఫోటో మీద వేలు పెట్టాడు. మాత్రలు ఇంకా మింగడు, ఆ సంగతి తర్వాత చూద్దాం.

పెరుగన్నం సంగతి అడుగుతావేమో. పదకొండు నెలల తర్వాత ఒకరోజు నా కంచంలో వేలు ముంచి వాసన చూశాడు. నేను తల ఎత్తలేదు, తింటూనే ఉన్నాను. ఇంకో వారానికి వేలు నాకాడు. ఇప్పుడు తింటున్నాడు. కానీ ప్రతి రాత్రీ మొదటి ముద్ద నేను తినాలి, వాడు చూస్తాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. వాడు చూడమన్నన్నాళ్లు తింటాను.

శనివారం రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్. ఈ లోపు పాప మందు చూసినప్పుడు ముందు ఏం చేస్తుందో, ముక్కు మూసుకుంటుందా, నోరు మూసుకుంటుందా, గడ్డం తుడుచుకుంటుందా, అది మాత్రం రాసి పెట్టు. నాలుగు సిరంజిలు కొను. చెల్లెమ్మను అడిగానని చెప్పు. మేనకోడలికి ముద్దులు.

నీ బావ